క్రిప్టో వ్యాపారం: నమోదు ఉంది, లైసెన్సు లేదు

భారతదేశంలో క్రిప్టో కరెన్సీ ఎక్స్ఛేంజీ నడపాలన్నా, ఖాతాదారుల కాయిన్లను భద్రపరిచే వ్యాపారం చేయాలన్నా కేంద్ర ఆర్థిక శాఖ పరిధిలోని ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. 2023 మార్చి 7 నుంచి ఇది నియమం. 2026 జనవరిలో ఆ నియమాలు మరింత బిగిశాయి. అయితే ఈ నమోదు వ్యాపారి మీద పెట్టే బాధ్యత ఒక్కటే: డబ్బు ఎవరి దగ్గర్నుంచి వచ్చి ఎవరి దగ్గరికి పోతోందో కనిపెట్టి ప్రభుత్వానికి చెప్పడం. వ్యాపారికి ఎంత మూలధనం ఉండాలి, ఖాతాదారుల సొమ్మును సొంత సొమ్ముతో కలపకుండా ఎలా ఉంచాలి, కంపెనీ మునిగితే ఎవరు చెల్లించాలి అనే ప్రశ్నలకు జవాబు చెప్పే లైసెన్సు చట్టం దేశంలో ఇంకా రాలేదు.

ఈ తేడా తెలుసుకోవలసిన అవసరం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు ఎక్కువగానే ఉంది. మదనపల్లె టమోటా మార్కెట్టుకు, పట్టుగూళ్ల మార్కెట్టుకు పేరున్న ఊరు. మదనపల్లె నుంచి పలమనేరు పోయే దారిలో పుంగనూరు ఉంది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలిలో, బెంగళూరు–చెన్నై రైలు మార్గం మీద ఉంది. పంట అమ్మిన డబ్బు, బెంగళూరు జీతం, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఈ ఊళ్లలో కలుస్తాయి. ఇక్కడి జనానికి లైసెన్సు అంటే ఏమిటో కొత్త కాదు. మండీ నడిపే కమిషన్ ఏజెంటుకు మార్కెట్ కమిటీ లైసెన్సు ఉంటుంది, చీటీలు నడిపే కంపెనీకి రిజిస్ట్రారు అనుమతి ఉంటుంది. తేడా వస్తే ఎవరి దగ్గరికి పోవాలో తెలుసు. క్రిప్టో యాప్ మీద ‘ప్రభుత్వంలో నమోదైన సంస్థ’ అని చూసినవారు దాన్నీ అదే తూకంలో చూస్తారు. ఆ తూకం ఎంతవరకు సరైనదో చట్టాలను వరుసగా చూస్తే తేలుతుంది.

నిషేధం నుంచి నమోదు దాకా

రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరులో మొదటిసారి క్రిప్టో కరెన్సీల గురించి ప్రజలను హెచ్చరించింది. 2017లో ఆ హెచ్చరికను రెండుసార్లు మళ్లీ చేసింది. 2018 ఏప్రిల్ 6న ఒక సర్క్యులర్‌తో బ్యాంకులకు, తన అదుపులో ఉన్న ఇతర సంస్థలకు క్రిప్టో వ్యాపారులతో లావాదేవీలు వద్దని చెప్పింది. ఉన్న సంబంధాలను తెంచుకోవడానికి మూడు నెలల గడువు ఇచ్చింది. క్రిప్టోను కొనడం నేరమని ఆ సర్క్యులర్ చెప్పలేదు. బ్యాంకు దారి మూసేయడంతో వ్యాపారం దానంతటదే కుదేలైంది.

ఇంటర్నెట్ అండ్ మొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 మార్చి 4న జస్టిస్ నారిమన్, జస్టిస్ అనిరుద్ధ బోస్, జస్టిస్ రామసుబ్రమణియన్‌ల ధర్మాసనం ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. ఈ రంగాన్ని అదుపు చేసే అధికారం రిజర్వు బ్యాంకుకు ఉందని కోర్టు ఒప్పుకుంది. అయితే ఎక్స్ఛేంజీల వల్ల బ్యాంకులకు ఫలానా నష్టం జరిగిందని చూపకుండా ఒక వృత్తి ఊపిరి తీసేంత కట్టడి పెట్టడం తగినంత ఆధారం లేని చర్య అంది. తీర్పు సర్క్యులర్‌ను మాత్రమే రద్దు చేసింది. క్రిప్టోను చట్టబద్ధమైన డబ్బుగా గుర్తించలేదు, ఎలా నడపాలో నియమాలూ పెట్టలేదు.

పార్లమెంటు చేయవలసిన పని అలాగే మిగిలింది. సుభాష్ చంద్ర గర్గ్ అధ్యక్షతన ఏర్పడిన మంత్రిత్వ శాఖల కమిటీ 2019లో పూర్తి నిషేధాన్ని సూచించి, అందుకు ముసాయిదా బిల్లును కూడా జతచేసింది. 2021లో ఇంకో బిల్లు పార్లమెంటు ఎజెండాలో కనిపించింది గానీ సభకు రాలేదు. 2022 ఆర్థిక చట్టం పన్ను కోసం ‘వర్చువల్ డిజిటల్ ఆస్తి’ అనే నిర్వచనాన్ని ఇచ్చింది. ఆదాయపు పన్ను చట్టంలోని ఆ నిర్వచనాన్నే తీసుకుని, 2023 మార్చి నోటిఫికేషన్ ఈ వ్యాపారాన్ని మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. ఆ విధంగా ఈ వ్యాపారానికి ముందు పన్ను వచ్చింది, తర్వాత నిఘా వచ్చింది. లైసెన్సు వంతు ఇంకా రాలేదు.

నమోదు ఏమి అడుగుతుంది

2023 నోటిఫికేషన్ ఐదు రకాల పనులను పేర్కొంది. క్రిప్టోను రూపాయల్లాంటి కరెన్సీలోకి, కరెన్సీని క్రిప్టోలోకి మార్చడం మొదటిది. ఒక క్రిప్టోను మరో క్రిప్టోలోకి మార్చడం, ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ చేయడం, ఇతరుల కాయిన్లను లేదా వాటి తాళాలను భద్రపరచడం, కొత్త కాయిన్ అమ్మకానికి సంబంధించిన ఆర్థిక సేవల్లో పాల్గొనడం మిగతా నాలుగు. వీటిలో ఏ పనినైనా వ్యాపారంగా, ఇతరుల తరఫున చేసేవారందరికీ నియమం వర్తిస్తుంది. తన డబ్బుతో తన కోసం కొని అమ్ముకునే మనిషికి వర్తించదు.

నమోదైన సంస్థ బ్యాంకు చేసే పనులే చాలావరకు చేయాలి. ఖాతా తెరిచేవారి గుర్తింపు పత్రాలు తీసుకోవాలి. లావాదేవీల రికార్డులను ఐదేళ్లు భద్రపరచాలి. అనుమానాస్పదంగా కనిపించిన లావాదేవీని నివేదించాలి. కాయిన్లు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు పోయేటప్పుడు పంపినవారి, అందుకున్నవారి వివరాలు వాటితోపాటే చేరాలి. ఈ పనులకు జవాబుదారీగా ఒక ప్రధాన అధికారిని, ఒక డైరెక్టరును నియమించాలి. వీటితో పాటు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కూడా ఎక్స్ఛేంజీలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలి.

2026 జనవరి 8న యూనిట్ విడుదల చేసిన కొత్త మార్గదర్శకాలు ఖాతా తెరిచే దశను మరింత కట్టుదిట్టం చేశాయి. పాత ఫొటో అప్‌లోడ్ చేస్తే కుదరదు. కళ్లు ఆర్పి, తల తిప్పి ఎదుట ఉన్నది ప్రాణమున్న మనిషేనని తేలేలా సెల్ఫీ దిగాలి. ఖాతా తెరుస్తున్న చోటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సమయం, ఇంటర్నెట్ చిరునామా నమోదవుతాయి. బ్యాంకు ఖాతా అదే మనిషిదని తేల్చడానికి ఒక్క రూపాయి పంపి సరిచూస్తారు. ఎక్కువ ప్రమాదం ఉన్న ఖాతాల వివరాలను ఆరు నెలలకోసారి, మిగతావాటిని ఏడాదికోసారి కొత్తగా తీసుకోవాలి. లావాదేవీల ఆనవాళ్లు చెరిపేసే మిక్సర్ల వంటి సాధనాలను అనుమతించకూడదు. కొత్త కాయిన్ల తొలి అమ్మకాలను ప్రోత్సహించకూడదు.

ఒకరి ఆధార్ నకలుతో ఇంకొకరు ఖాతా తెరిచే మోసాలకు ఈ షరతులు అడ్డుపడతాయి. పల్లెటూరి యువకుడికి కొంత కమిషన్ ఇచ్చి అతని పేరుతో ఖాతా తెరిపించి, దూరాన కూర్చున్నవాడు నడిపే పద్ధతి కూడా కష్టమవుతుంది. ఆ మేరకు ఈ నియమాల ప్రయోజనం నిజమైనది.

తెలుగు నేల మీది అనుభవం

ఈ నిఘా అవసరం ఎంతటిదో 2020 చివర్లో తెలంగాణలో బయటపడ్డ లోన్ యాప్‌ల వ్యవహారం చూపించింది. ఫోన్‌లోనే నిమిషాల్లో అప్పు ఇచ్చి, తర్వాత బంధువులకు, స్నేహితులకు అసభ్య సందేశాలు పంపి పీడించిన యాప్‌ల వల్ల ఆత్మహత్యలు జరిగాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ కేసుల వెంట వెళ్లిన ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, దర్యాప్తు మొదలవగానే కొన్ని కంపెనీలు దుకాణం కట్టేసి, లాభాలతో క్రిప్టో కొని విదేశాలకు తరలించాయని తెలిపింది. 2022 ఆగస్టు 5న వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీని నడిపే సంస్థ బ్యాంకు ఖాతాల్లోని 64.67 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. ఖాతాదారుల గుర్తింపు పరిశీలన (కేవైసీ) సరిగా లేదని, డబ్బు జాడ చెప్పే రికార్డులు చూపలేకపోయారని ఆరోపించింది. ఆ ఖాతాలను తిరిగి విడిపించినట్టు సంస్థ అదే ఏడాది సెప్టెంబరులో ప్రకటించింది. ఈ కేసు వచ్చిన ఏడు నెలలకు నోటిఫికేషన్ వెలువడింది.

నమోదు ఏమి అడగదు

డబ్బు జాడ పట్టుకోవడం ఒక పని, డబ్బును కాపాడటం వేరే పని. రెండు హ్యాకింగ్ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగల పాలయ్యాయి. ఖాతాదారుల మొత్తం ఆస్తుల్లో అది సగానికి దగ్గర. సంస్థ లావాదేవీలను ఆపేసింది. మాతృ సంస్థ సింగపూర్‌లో ఉండటంతో పునర్వ్యవస్థీకరణ వ్యవహారం అక్కడి హైకోర్టుకు వెళ్లింది. కోర్టు పథకాన్ని ఆమోదించి, వ్యాపారం మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. మదనపల్లెలోనో కుప్పంలోనో ఉన్న ఖాతాదారు తన సొమ్ము మాటను ఏడాదికి పైగా సింగపూర్ కోర్టు నుంచి వినవలసి వచ్చింది. వజీర్‌ఎక్స్‌ను భారత్‌లో నడిపే సంస్థ నమోదైనదే.

2025 జులైలో కాయిన్‌డీసీఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయాయి. పోయింది సంస్థ సొంత నిర్వహణ ఖాతాలోనిదని, నష్టాన్ని తన నిధులతోనే పూడుస్తామని ఆ సంస్థ ప్రకటించింది. ఖాతాదారుల సొమ్ము విడిగా ఉందని చెప్పింది. ఇక్కడ ఖాతాదారులను కాపాడింది సంస్థ పెట్టుకున్న పద్ధతి, దాని చేతిలోని డబ్బు. అలా విడిగా ఉంచాలని, ఇంత నిల్వ ఉండాలని నమోదు నియమాలు ఆదేశించి ఉంటే ఒక సంస్థ ఖాతాదారుకు ఒక గతి, ఇంకో సంస్థ ఖాతాదారుకు ఇంకో గతి పట్టేది కాదు.

చట్టం వదిలేసిన ఖాళీని కోర్టులు కొంత పూడుస్తున్నాయి. వజీర్‌ఎక్స్ ఖాతాలో తన ఎక్స్‌ఆర్‌పీ కాయిన్లు చిక్కుకుపోయిన ఒక ఖాతాదారు వేసిన కేసులో 2025 అక్టోబరు 25న మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్, క్రిప్టో కరెన్సీ ఆస్తి కిందికే వస్తుందని, దాన్ని ఒకరి తరఫున ఇంకొకరు ట్రస్టుగా ఉంచుకోవచ్చని తేల్చారు. ఖాతాదారు చెన్నై బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కట్టినందువల్ల ఇక్కడి కోర్టుకు అధికారం ఉందని కూడా చెప్పారు. ఒక్కొక్కరూ కోర్టుకెక్కి తెచ్చుకునే రక్షణ ఇది. అందరికీ ముందే అందే నియమం కాదు.

పన్ను చేసే కట్టడి

లైసెన్సు లేని చోట పన్నే పెద్ద నియంత్రణగా పనిచేస్తోంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసివేయడానికి వీల్లేదు. ఒక కాయిన్ మీద వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోకూడదు, వచ్చే ఏడాదికి మోసుకుపోకూడదు. పుంగనూరులో ఒక చిన్న వ్యాపారి ఒక కాయిన్ మీద 40,000 రూపాయలు సంపాదించి, ఇంకోదాని మీద అంతే పోగొట్టుకున్నాడనుకుంటే చేతికి మిగిలింది సున్నా. కట్టవలసిన పన్ను 12,000, దాని మీద 4 శాతం సెస్సు 480, మొత్తం 12,480 రూపాయలు.

2022 జులై 1 నుంచి అమ్మకపు విలువ మీద 1 శాతం టీడీఎస్ కూడా వచ్చింది. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఇది తప్పదు. ఎక్స్ఛేంజీలో అమ్మితే ఎక్స్ఛేంజీయే కోస్తుంది. ఇద్దరు మనుషులు నేరుగా మాట్లాడుకుని చేసుకునే పీటూపీ బేరంలో కోయవలసిన బాధ్యత కొనేవాడిది. వ్యాపార ఆదాయం లేనివారికి, చిన్న వ్యాపారులకు ఏడాదికి 50,000, ఇతరులకు 10,000 రూపాయల దాకా మినహాయింపు ఉంది. ఎక్స్ఛేంజీ తీసుకునే రుసుము మీద 18 శాతం జీఎస్టీ వేరే.

పన్ను కట్టినంత మాత్రాన వ్యాపారం సక్రమమైనదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. కాయిన్లు అమ్మేవారు మాత్రం ‘ప్రభుత్వమే పన్ను తీసుకుంటోంది, ఇంకేం భయం’ అని చెప్పి నమ్మించడం చూస్తూనే ఉన్నాం. పైగా ఈ పన్నుల బరువు చాలామందిని విదేశీ యాప్‌ల వైపు తోసింది. అక్కడ టీడీఎస్ కోసేవారు లేరు, ఆపదలో జవాబు చెప్పేవారూ లేరు.

విదేశీ ఎక్స్ఛేంజీల మీద కొరడా

భారతీయులకు సేవలు అందించే సంస్థ ఎక్కడున్నా నమోదు కావలసిందేనని యూనిట్ వాదన. 2023 డిసెంబరు 28న బైనాన్స్, కూకాయిన్, క్రాకెన్, బిట్‌ఫినెక్స్ సహా తొమ్మిది విదేశీ సంస్థలకు నోటీసులిచ్చింది. 2024 జనవరిలో వాటి వెబ్‌సైట్లు, యాప్‌లు దేశంలో ఆగిపోయాయి. కూకాయిన్ 34.5 లక్షల రూపాయల జరిమానా కట్టి నమోదైంది. బైనాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్ల జరిమానా పడింది. బైబిట్‌కు 2025 జనవరిలో 9.27 కోట్లు పడింది. 2025 అక్టోబరులో మరో 25 సంస్థలకు నోటీసులు వెళ్లాయి. కొన్ని పెద్ద సంస్థలు దారికి వచ్చాయి. చిన్నవి, పేరు మార్చుకుని మళ్లీ పుట్టేవి మాత్రం టెలిగ్రామ్ గుంపుల ద్వారా, నేరుగా పంపే యాప్ ఫైళ్ల ద్వారా ఊళ్లలోకి వస్తూనే ఉన్నాయి.

ఈ ఊళ్లలో ఎవరికి ఏది వర్తిస్తుంది

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి ఊళ్లలో క్రిప్టోతో సంబంధం పెట్టుకునే మనుషులను నాలుగు రకాలుగా చూడవచ్చు. చట్టం దృష్టిలో నలుగురి స్థితీ వేర్వేరు.

మొదటి రకం, ఫోన్‌లో సొంతానికి కొని దాచుకునేవారు. వీరికి నమోదు అక్కర్లేదు. ఆదాయపు పన్ను రిటర్నులో చూపించడం, లాభం మీద పన్ను కట్టడం వీరి బాధ్యత.

రెండో రకం, డాలరుతో సమానంగా నడిచే యూఎస్‌డీటీ వంటి కాయిన్లను పీటూపీలో అమ్మి రూపాయలు తీసుకునేవారు. వీరికి పెద్ద ప్రమాదం పన్ను దగ్గర లేదు, ఎదుటివాడు పంపే రూపాయల్లో ఉంది. ఎక్కడో సైబర్ మోసంలో కొట్టేసిన సొమ్ముతో అతను ఈ కాయిన్ కొంటే, ఫిర్యాదు వెంట డబ్బు జాడ పట్టుకుంటూ వచ్చిన వేరే రాష్ట్రపు పోలీసులు అమ్మినవాడి బ్యాంకు ఖాతాను ఆపేయిస్తారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 102వ సెక్షన్ కింద ఉన్న ఈ అధికారం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 106వ సెక్షన్‌లో ఉంది. రెండు శాతం ఎక్కువ ధర ఇస్తానన్న మనిషికి అమ్మి, ఖాతా విడిపించుకోవడానికి వేరే రాష్ట్రం పోలీసు స్టేషనుకు ఉత్తరాలు రాసుకోవలసి రావడం ఈ బేరంలో ఉన్న చిక్కు.

మూడో రకం, ఇతరుల కోసం కమిషన్ మీద కాయిన్లను రూపాయలుగా, రూపాయలను కాయిన్లుగా మార్చిపెట్టేవారు. గల్ఫ్‌లోని మనిషి యూఎస్‌డీటీ పంపితే ఇక్కడ ఇంట్లోవాళ్లకు నోట్లు అందించే పని ఈ కోవలోదే. ఇది ఇతరుల తరఫున చేసే వ్యాపారం కాబట్టి నమోదు లేకుండా చేయడం చట్టవిరుద్ధం. విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకులు, రిజర్వు బ్యాంకు అనుమతించిన మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థలు ఉన్నాయి. ఆ దారుల్లో క్రిప్టో లేదు. కాబట్టి విదేశీ మారకద్రవ్య చట్టం కూడా అడ్డు వస్తుంది.

నాలుగో రకం, ‘మా కాయిన్‌లో లక్ష పెడితే నెలకు ఇంత’ అని చెప్పి, కింద మరికొందరిని చేర్పిస్తే వాటా ఇస్తామనేవారు. ఇక్కడ కాయిన్ పేరుకే. చట్టం దీన్ని డిపాజిట్ పథకంగానో గొలుసుకట్టు పథకంగానో చూస్తుంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ పథకాల నిషేధ చట్టం, 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల పరిరక్షణ చట్టం, 2019 నాటి అక్రమ డిపాజిట్ పథకాల నిషేధ చట్టం ఇందుకు ఉన్నాయి. మూడింటిలో ఏదీ క్రిప్టో కోసం పుట్టింది కాదు. స్థానిక పోలీసులకు ఇప్పటికీ ఎక్కువగా అక్కరకొచ్చేవి మాత్రం ఇవే.

మండీ, చీటీ నేర్పే పాఠం

ప్రభుత్వం డబ్బు వ్యాపారాలకు లైసెన్సు పెట్టినప్పుడు ఏమేం అడుగుతుందో చూడటానికి 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం దగ్గరి ఉదాహరణ. ముందస్తు అనుమతి లేకుండా చీటీ మొదలుపెట్టకూడదు. చీటీ విలువకు సమానమైన మొత్తాన్ని చీటీ నడిపే ఫోర్‌మన్ ముందే పూచీకత్తుగా ఉంచాలి. అతని కమిషన్‌కు గరిష్ఠ పరిమితి ఉంది, 2019 సవరణతో అది 5 నుంచి 7 శాతానికి పెరిగింది. వేలంపాట రికార్డులు రిజిస్ట్రారుకు చేరాలి. సభ్యుడికీ ఫోర్‌మన్‌కూ తగాదా వస్తే రిజిస్ట్రారు తీర్పు చెబుతారు. మూలధనం, పూచీకత్తు, రుసుముకు హద్దు, తనిఖీ, ఫిర్యాదుకు చోటు అనే ఐదూ ఇందులో ఉన్నాయి. క్రిప్టో నమోదులో ఉన్నది రికార్డులు, నివేదికలు మాత్రమే.

మదనపల్లె రైతుకు 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం ఇంకా దగ్గరిది. వ్యాపారులు, కమిషన్ ఏజెంట్లు, తూకం వేసేవారు మార్కెట్ కమిటీ లైసెన్సుతోనే పని చేయాలి. తప్పు చేస్తే దాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం అదే ఊళ్లో ఉన్న కమిటీకి ఉంటుంది. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ న్యూఢిల్లీలో ఉంది. అది ఖాతాదారు ఫిర్యాదులు తీర్చే సంస్థ కూడా కాదు.

లైసెన్సు ఉంటే మోసం ఉండదని కాదు. అనుమతి లేని చీటీలు పల్లెల్లో నడుస్తూనే ఉన్నాయి. లైసెన్సు లేకుండా జనం సొమ్ము సేకరిస్తే ఏమవుతుందో చెప్పడానికి అగ్రిగోల్డ్ ఉంది. సుమారు 32 లక్షల మంది నుంచి దాదాపు 6,380 కోట్లు సేకరించిన ఆ సంస్థ మీద డిపాజిటర్ల పరిరక్షణ చట్టం కింద కేసులు నడిచాయి. ఆస్తుల జప్తు, వేలం ఏళ్ల తరబడి సాగాయి. 10,000 రూపాయల లోపు డిపాజిటర్లకు 2019లో, 20,000 లోపు వారికి 2021లో రాష్ట్ర ప్రభుత్వమే ఖజానా నుంచి చెల్లించింది. ఆ సంస్థకు భూములు, భవనాలు ఉన్నాయి కాబట్టి జప్తు చేయడానికైనా ఏదో ఒకటి దొరికింది. విదేశీ వాలెట్‌లోకి పోయిన కాయిన్‌కు ఆ వెసులుబాటూ ఉండదు.

ఇతర దేశాల దారి

జపాన్ దెబ్బ తిని నేర్చుకుంది. టోక్యోలోని మౌంట్ గాక్స్ ఎక్స్ఛేంజీ 2014లో కూలిపోయాక 2017 ఏప్రిల్ నుంచి నమోదు, తనిఖీ తప్పనిసరి చేసింది. 2018 జనవరిలో కాయిన్‌చెక్ అనే ఎక్స్ఛేంజీ నుంచి 5,800 కోట్ల యెన్‌లు పోయాక నియమాలను ఇంకా బిగించింది. ఖాతాదారుల కాయిన్లలో అధిక భాగాన్ని ఇంటర్నెట్‌తో సంబంధం లేని చోట ఉంచాలని, వారి డబ్బును విడిగా ఉంచాలని ఆదేశించింది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ ప్రపంచవ్యాప్తంగా కుప్పకూలినప్పుడు దాని జపాన్ శాఖ ఖాతాదారులు 2023 ఫిబ్రవరి నుంచే తమ సొమ్ము తీసుకోగలిగారు. మిగతా దేశాలవారు దివాలా కోర్టు చుట్టూ తిరిగారు. లైసెన్సు షరతులకు ఇంతకంటే స్పష్టమైన పరీక్ష మరొకటి లేదు.

ఐరోపా సమాఖ్య చేసిన మైకా చట్టం 2024 డిసెంబరు 30 నుంచి క్రిప్టో సంస్థలకు పూర్తిగా వర్తిస్తోంది. చేసే పనిని బట్టి 50,000 నుంచి 1,50,000 యూరోల కనీస మూలధనం ఉండాలి. ఒక సభ్య దేశంలో అనుమతి పొందితే అన్ని సభ్య దేశాల్లో వ్యాపారం చేయవచ్చు. సింగపూర్ 2025 జూన్ 30 నుంచి, తన గడ్డ మీద కూర్చుని విదేశీ ఖాతాదారులతో మాత్రమే వ్యాపారం చేసేవారికి కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది.

గల్ఫ్‌తో రాకపోకలున్న కుటుంబాలు అక్కడి తేడాలను గమనించాలి. దుబాయ్ 2022లో ఈ రంగానికే ప్రత్యేకంగా వారా అనే నియంత్రణ సంస్థను నెలకొల్పి లైసెన్సులు ఇస్తోంది. కువైట్ 2023లో క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడి, మైనింగ్ అన్నిటినీ నిషేధించింది. దుబాయ్‌లో సక్రమమైన లావాదేవీ కువైట్‌లో నేరం కావచ్చు. రెండు చోట్ల నుంచీ డబ్బు ఒకే ఊరికి వస్తుంది.

లైసెన్సు మీద వాదోపవాదాలు

లైసెన్సు ఇవ్వడమంటే క్రిప్టోకు గౌరవ ముద్ర వేయడమేనని రిజర్వు బ్యాంకు భయం. అసలు విలువ లేని వస్తువును ప్రభుత్వం గుర్తిస్తే జనం ఇంకా ఎగబడతారని, రూపాయి మీద పట్టు తగ్గుతుందని, బ్యాంకులకు సంక్షోభం పాకుతుందని దాని వాదన. నిషేధమే తగిన మార్గం కావచ్చని డిప్యూటీ గవర్నర్ రబిశంకర్ 2022 ఫిబ్రవరిలో బహిరంగంగానే అన్నారు. డిజిటల్ డబ్బు కావాలనుకునేవారికి రిజర్వు బ్యాంకు తానే 2022 డిసెంబరు 1 నుంచి సామాన్యుల కోసం డిజిటల్ రూపాయిని ప్రయోగాత్మకంగా తెచ్చింది.

క్రిప్టోకు సరిహద్దులు లేవు కాబట్టి నిషేధమైనా నియంత్రణైనా దేశాల మధ్య సహకారం లేకుండా ఫలించదని ఆర్థిక మంత్రి 2022 జులైలో లోక్‌సభకు చెప్పారు. 2023లో భారత్ అధ్యక్షతన జరిగిన జీ20లో అంతర్జాతీయ ద్రవ్య నిధి, ఆర్థిక స్థిరత్వ మండలి కలిసి ఇచ్చిన పత్రం పూర్తి నిషేధం కంటే సమగ్ర నియంత్రణ వైపే మొగ్గింది. దేశీయ విధానం మీద 2024 సెప్టెంబరులోగా చర్చాపత్రం తెస్తామని ఆర్థిక శాఖ అధికారులు ప్రకటించారు. ఆ గడువు దాటిపోయింది.

గౌరవ ముద్ర అనే భయంలో నిజం ఉంది. కానీ పన్ను, నమోదు కలిసి ఆ ముద్రను ఇప్పటికే సగం వేసేశాయి. గుర్తింపు వల్ల వచ్చే నమ్మకం జనంలోకి పోయింది, దానికి తగ్గ రక్షణ మాత్రం రాలేదు. నిషేధం, లైసెన్సు అనే రెండింటిలో ఏదీ ఎంచుకోకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది చిన్న ఊళ్ల చిన్న మదుపరులే. పెద్ద మదుపరికి లాయరు, ఆడిటరు ఉంటారు.

రాష్ట్రం చేయగలిగింది

ఈ లోటును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సొంతంగా పూడ్చలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కరెన్సీ, బ్యాంకింగ్, స్టాక్ ఎక్స్ఛేంజీలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. రాష్ట్ర జాబితాలో ఉన్నది వడ్డీ వ్యాపారం. ఆ అధికారంతోనే 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థలకు జిల్లా స్థాయిలో నమోదు తప్పనిసరి చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. క్రిప్టోకు అలాంటిది తేవడం కుదరదు. డిపాజిటర్ల పరిరక్షణ చట్టాన్ని కాయిన్ పథకాల మీద వెంటనే ప్రయోగించడం, సైబర్ పోలీసులకు క్రిప్టో జాడ పట్టే శిక్షణ ఇవ్వడం, చీటీల రిజిస్ట్రార్ల ద్వారా, బ్యాంకు శాఖల ద్వారా ప్రచారం చేయడం రాష్ట్రం చేతిలో ఉన్న పనులు.

కేంద్రం చట్టం చేస్తే అందులో ఉండవలసినవి ఇతర దేశాల అనుభవంలో, ఇక్కడి చీటీల చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. కనీస మూలధనం, ఖాతాదారుల ఆస్తిని ట్రస్టుగా విడిగా ఉంచడం, ఏటా స్వతంత్ర తనిఖీ, హ్యాకింగ్ నష్టానికి నిధి, భారత కోర్టుల పరిధికి ఒప్పుకోవడం, తెలుగు వంటి ప్రాంతీయ భాషల్లో ఒప్పంద పత్రం, ఫిర్యాదుకు అంబుడ్స్‌మన్ వాటిలో ముఖ్యమైనవి. అది వచ్చేదాకా ఖాతాదారుకు ఉన్న దారులు కొన్నే. మోసం జరిగిన వెంటనే సైబర్ మోసాల సహాయవాణి 1930 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఇంకా బ్యాంకుల్లోనే ఉంటే ఆపే అవకాశం ఉంది. కాయిన్‌గా మారి విదేశీ వాలెట్‌కు పోయాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. నమోదైన ఎక్స్ఛేంజీతో తగాదా వస్తే వినియోగదారుల కమిషన్, సివిల్ కోర్టు, మద్రాసు హైకోర్టు తీర్పు చూపిన ఆస్తి హక్కు వాదన మిగులుతాయి. నమోదు కాని యాప్‌తో తగాదా వస్తే పోలీసు ఫిర్యాదు తప్ప మరో దారి దాదాపుగా లేదు.